బుడగలు చూసే మనిషి

పెద్దామె టైరు మీద రెండు కాళ్ళూ వేసి నిలబడి మడమతో దాని అంచును తొక్కుతోంది. ఎంత తొక్కినా అది ఊడే సూచన కనబడలేదు. బండి పాతది, చక్రం అంతకన్నా పాతదిలా ఉంది. టైరు రిమ్ముకి అతుక్కుపోయి, పుట్టింటికొచ్చిన ఆడపడుచులా కదలనని కూర్చుంది. పెద్దామె కిందికి దిగి, లివరు దూర్చి, మోకాలు ఆనించి, నడుం బలమంతా పెట్టి నొక్కింది. చివరికి టప్పున శబ్దం చేసి అంచు ఊడింది.

"నెమ్మదక్కా. రిమ్ము వంగిపోతుంది," అంది తొట్టి దగ్గర నుంచి చిన్నామె.

"నీ పని నువ్వు చూసుకో."

ఆ పూట వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవే. పొద్దున్న లేచినప్పటి నుంచి ఒకే గదిలో, రెండు పొయ్యిల మీద, ఎవరి వంట వాళ్ళు వండుకుని, ఎవరి కంచం వాళ్ళు కడుక్కుని, ఒకరి వెనక ఒకరు షెడ్డులోకి వచ్చారు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. పెద్దామె అన్న భార్య, చిన్నామె తమ్ముడి భార్య. వాళ్ళకి వేరే పేర్లున్నట్టు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆ రేకుల షెడ్డు పేరు కూడా తోడికోడళ్ళ షాపే. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని తెలిసినవాళ్ళు, పచ్చగడ్డి దొరక్కనే ఆ షెడ్డు ఇంకా నిలబడి ఉందని నవ్వుకునేవాళ్ళు.

షెడ్డులో సగం పెద్దామెది. ఆ సగంలో నూనె తాగి నల్లబడిన నేల, గోడకి వేలాడే లివర్లు, దగ్గుతూ పనిచేసే కంప్రెసర్ ఉన్నాయి. మనిషి దిట్టంగా ఉంటుంది. మోకాళ్ళకి పాత ట్యూబు ముక్కలు కట్టుకుంటుంది. వేళ్ళ పగుళ్ళలో ఎప్పుడూ ఏదో తెల్లపొడి ఇరుక్కుని ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. రెండో సగంలో సిమెంటు తొట్టి, దాని పక్కన చిన్న స్టూలు, స్టూలు మీద చిన్నామె. బక్కపలచటి మనిషి. రోజంతా నీళ్ళలో నానడం వల్ల అరచేతులు ముడతలు పడి, చేతులు మాత్రం ముసలివైపోయి, మొహం ఇంకా పడుచుగానే ఉంది. తొట్టి మీద కప్పుకి ఒక రేకు వెయ్యలేదు. వెలుగు సూటిగా నీళ్ళ మీద పడాలని పెద్దామె మొగుడు కావాలనే అలా వదిలేశాడు.

షెడ్డు పెట్టింది ఆయనే. ట్యూబు లేని టైర్లు వచ్చిన కొత్తలో, మిగతావాళ్ళు వాటిని చూసి భయపడుతున్నప్పుడు, ఈయన ఆ పని నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. టైరు ఎక్కించినవాళ్ళు దాన్ని నీళ్ళలో ముంచకూడదు. ముంచి చూడాల్సింది రెండో మనిషి. కాకిపిల్ల కాకికి ముద్దు, తన పనిలో బుడగ తనకి కనబడదు అనేవాడు. ఆయన ఎక్కించేవాడు, పెద్దామె ముంచేది. బుడగ చూసి చెబితే ఆయన నవ్వేవాడు, మళ్ళీ ఊడదీసేవాడు. దగ్గుతో తీసుకుని తీసుకుని ఆయన పోయాక లివర్లు పెద్దామె చేతికి వచ్చాయి, తొట్టి దగ్గర మనిషి లేకుండా పోయింది. మరిది లారీ డ్రైవరు. ఎప్పుడో పున్నానికీ అమావాస్యకీ ఇల్లు చేరే మనిషి. తన భార్య ఒక్కతీ ఎక్కడో ఉండేకన్నా ఇక్కడుంటే మేలని, వెనక గదిలోకి చిన్నామెను తెచ్చి దింపి వెళ్ళాడు. మర్నాడే ఆమె స్టూలు మీద కూర్చుంది.

కూర్చున్న మొదటి పూటే, షెడ్డు నిండా జనం ఉండగా, "అక్కా, నువ్వు ఎక్కించింది కారుతోంది," అని గొంతెత్తి చెప్పింది. చెప్పి, కొత్త కదా, బుడగ దొరికిన సంబరంలో నవ్వింది కూడా. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉండనే ఉంది. పెద్దామె ఏడవలేదు గాని, ఆ నవ్వును మాత్రం ఇప్పటిదాకా క్షమించలేదు. ఆ సాయంత్రమే రెండో పొయ్యి వెలిగింది.

అన్నేళ్ళలోనూ చిన్నామె లేని బుడగ ఉందని ఒక్కసారి అనలేదు. ఉన్న బుడగ లేదని ఒక్కసారి అనలేదు. ఉప్పు దగ్గర, బట్టలారేసే తాడు దగ్గర, కిటికీ తలుపు దగ్గర ఎన్ని అబద్ధాలాడినా తొట్టి దగ్గర మాత్రం ఆమె నోట నిజం తప్ప రాలేదు. ఈ సంగతి పెద్దామెకి బాగా తెలుసు, అందుకే ఆమె అంటే మరీ ఒళ్ళుమంట. వంక పెట్టడానికి వీలివ్వని మనిషితో కాపరం చెయ్యడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

అలాంటి మనిషి ఇవాళ వెళ్ళిపోతోంది. మరిదికి వేరే ఊళ్ళో, ఒక డిపోలో స్థిరమైన పని దొరికింది. డిపో వెనకే ఉండడానికి గది ఇస్తున్నారు. కుటుంబంతో రేపటికల్లా చేరితేనే గది, లేకపోతే వరసలో తర్వాతి డ్రైవరుకి పోతుంది. ఇవాళ ఆ ఊరికే సరుకు వేసుకుని పోతూ దారిలో భార్యని ఎక్కించుకుంటానన్నాడు. సాయంత్రం రద్దీ మొదలైతే ఈ వీధుల్లోకి లారీల్ని రానివ్వరు, ఆగనివ్వరు. అంచేత వచ్చినప్పుడు సిద్ధంగా ఉండాలి, లేదంటే సరుకు కోసం తను ఆగకుండా పోవాల్సిందే. చిన్నామె సంచులు రెండూ నిన్ననే గోడవారకి చేరాయి.

"పీడ విరగడవుతోంది," అని పెద్దామె వారం నుంచీ వీధికంతా వినబడేలా చెబుతోంది. లోపల మాత్రం ఆమెకి భయం వేస్తోంది. సాయంత్రం తలుపు మూశాక ఆ గదిలో తిట్టడానికైనా ఇంకో మనిషి ఉండదు. తొట్టి దగ్గర స్టూలు ఖాళీగా ఉంటే తను ఎక్కించిన చక్రాన్ని తనే ముంచుకోవాలి, తనకి తనే మంచిదని చెప్పుకోవాలి. ఉండిపో అని ఒక్క మాట అనొచ్చు. కానీ ఆ మాట అనడానికి కావలసిన నోరు ఆమెకి దేవుడు ఇవ్వలేదు. ఇచ్చిన నోరంతా వేరే పనులకి అలవాటు పడిపోయింది.

ఈ చక్రాన్ని పొద్దున్నే మీసాలాయన భుజాన వేసుకుని తెచ్చి గుమ్మంలో దబ్బున పడేశాడు. ఆయన బండి ఆయన పెళ్ళికన్నా పాతదని చెప్పుకుంటాడు, రెంటిలో దేన్నీ సరిగ్గా చూసుకోడు. పోయిన నెల మీరే బాగుచేశారు, మళ్ళీ తెల్లారేసరికి చప్పగా పడి ఉంటోందని ఎగిరాడు. పోయిన నెల చూసింది ముందు చక్రం, ఇది వెనకది అని పెద్దామె చెప్పింది. ఏదైతేనేం, మీ చెయ్యి పడ్డాకే బండికి గాలి నిలవడం లేదన్నాడాయన. ట్యూబు వేసి పారేస్తే పోయేదానికి ఈ ముంచడాలేమిటన్నాడు. కురుపు మీద చొక్కా తొడిగితే కురుపు మానుతుందా అని పెద్దామె అడిగింది. సాయంత్రం వస్తానని, అప్పటికి గాలి నిలవకపోతే ఈ షెడ్డు సంగతి వీధివీధినా చెబుతానని బెదిరించి ఆయన వెళ్ళాడు.

ఊడదీసిన రిమ్ముని వెలుగులోకి తిప్పి చూసింది పెద్దామె. తను అనుకున్నట్టే ఉంది. ట్యూబు లేని టైరులో గాలి నిలవాలంటే టైరు అంచూ రిమ్ము అంచూ ఒకదాని మొహం ఒకటి ఆనించుకుని కూర్చోవాలి. కొత్త రిమ్ముకి ఇది తేలికే. వానలో నాని, ఎండలో ఎండి, ఏళ్ళు గడిచాక ఆ అంచున తెల్లటి పొక్కులు లేస్తాయి. పొక్కుల సందుల్లోంచి గాలి చడీచప్పుడు లేకుండా రాత్రంతా పోతూనే ఉంటుంది. మేకు దిగితే మేకైనా కనబడుతుంది, దీనికి దొంగ దొరకడు. వైరు బ్రష్షుతో ఆ పొక్కుల్ని లోహం మెరిసేదాకా గీకాలి. పొడి గుడ్డతో తుడిచి, నల్ల జిగురు పలచగా రాసి, టైరెక్కించి, అంచులకి సబ్బునీళ్ళు పూసి, ఒక్కసారిగా గాలి కొట్టాలి. అటో టప్పు, ఇటో టప్పు వినబడితే అంచులు రెండూ కూర్చున్నట్టు.

పెద్దామె అన్నీ సవ్యంగానే చేసి చక్రాన్ని తొట్టి వైపు దొర్లించింది. చిన్నామె దాన్ని నీళ్ళలో పావువంతు ముంచి ఆగింది. ముంచగానే వచ్చే బుడగల్ని లెక్కచెయ్యకూడదు, అవి టైరు గాడుల్లో చిక్కుకున్న గాలి. అరచేత్తో వాటిని తుడిచేసి, నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఊపిరి బిగబట్టినట్టు చూడాలి. అసలుది వచ్చిన చోటి నుంచే, వచ్చిన వేగంతోనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. చిన్నామె ముక్కు నీళ్ళకి తగులుతుందా అన్నంతగా వంగింది. చక్రాన్ని ఇంకో పావువంతు తిప్పింది. మళ్ళీ ఆగింది.

"ఇక్కడక్కా," అని బొటనవేలు ఆనించి చూపించింది.

పెద్దామె సుద్దముక్కతో గీత గీసి చక్రాన్ని లాక్కుంది. ఇంతలో చిన్నామె ఫోను మోగింది. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని గోడవైపు తిరిగి మాట్లాడింది. మాటలు వినబడలేదు. నవ్వు వినబడింది. గొంతులోంచి గలగలా వచ్చిన ఆ నవ్వు మొదటి పూట తర్వాత మళ్ళీ ఆ షెడ్డు ఎరగదు. మొగుడి కోసం ఎదురుచూసీ చూసీ అరిగిపోయిన మనిషి దగ్గర ఇంకా ఇంత నవ్వు దాచి ఉందా అని పెద్దామె తల తిప్పి చూసింది, చూసినందుకు తనమీద తనకే కోపం వచ్చి మళ్ళీ లివరు అందుకుంది.

ఎదురు గోడ మీద ఎండ సగానికి దిగేసరికి లారీ వస్తుందని చిన్నామె చెప్పింది. ఈ చక్రం అయిపోతే మొహం కడుక్కుని చీర మార్చుకుంటానంది.

"అయితే కదా," అంది పెద్దామె.

పెద్దామె మొగుడు పెట్టిన నియమానికి తోక ఒకటుంది. బుడగ చూసినవాళ్ళే బుడగ లేదని కూడా చెప్పాలి. చూసి వదిలేసి వెళ్ళడం ఉండదు. అన్నేళ్ళలో జ్వరమొచ్చినా, మొగుడొచ్చినా చిన్నామె ఈ మాట దాటలేదు. చక్రం బాగుందని తేలేదాకా స్టూలు దిగేది కాదు.

పెద్దామె సుద్దగీత ఉన్న చోట బ్రష్షుతో గీకింది. లోహం మెరిసింది. రిమ్ము తిప్పితే అవతలి వైపు, వాల్వుకి సరిగ్గా ఎదురుగా, ఇంకో పొక్కు కనబడింది. వేలిగోరంత ఉంది. ఇందాక ఇది కూడా తన కంటబడే ఉండాలి. బ్రష్షు దాని దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆలోచించి ఆపిందని చెప్పడానికి లేదు, తెలియక ఆపిందని చెప్పడానికి అసలే లేదు. ఆ పొక్కు మీద జిగురు కూడా రాయకుండా పెద్దామె టైరెక్కించి, గాలి కొట్టి, చక్రాన్ని తొట్టివైపు దొర్లించింది. పొమ్మనలేక పొగపెట్టేవాళ్ళని లోకం ఎరుగును. ఉండమనలేక గాలి తీసేవాళ్ళ మీద మాత్రం ఎవరూ సామెత కట్టలేదు.

చిన్నామె ముంచింది. తిప్పింది. ఆగింది. అరచేత్తో తుడిచి మళ్ళీ చూసింది. బుడగ మళ్ళీ వచ్చింది.

"ఇది నువ్వు చూడకుండా వదిలేసే చోటు కాదక్కా," అంది నెమ్మదిగా.

పెద్దామె మొహం వేడెక్కింది. "నీ కళ్ళు నీకున్నాయి, నా కళ్ళు నాకున్నాయి. వెళ్ళిపోయేదానివి, ఇప్పుడు నాకు పని నేర్పుతావా? అంత తొందరగా ఉంటే లేచి పో. నేనేమన్నా కాళ్ళు కట్టేశానా?"

చిన్నామె తడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తోడికోడలి మొహంలోకి చూస్తూ కూర్చుంది. కోపంగా చూసి ఉంటే పెద్దామెకి సుఖంగా ఉండేది. ఆ చూపులో కోపం లేదు. ఒక బుడగ ఎక్కడి నుంచి వస్తోందో చూసే చూపే అది.

పెద్దామె చక్రాన్ని గుంజుకుని తన సగంలోకి వచ్చేసింది. మూడోసారి టైరు ఊడదీసి, ఆ పొక్కుని గీకేసింది. రిమ్ము ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఇలా ఎక్కిస్తే ఇక బుడగ రాదు. గోడ మీద ఎండ ఇంకా పైనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చిన్నామె సంచి మూతి బిగిస్తోంది. పెద్దామె నేల మీద రాలిన తెల్లపొడిలోంచి గరుకుగా ఉన్న రేకలు ఏరి, చిటికెడు తీసుకుని, టైరెక్కిస్తూ ఆ పొక్కు గీకిన చోటే అంచు కిందకి దోపింది. తాను ఇన్నేళ్ళూ గీకి పారేసిన చెత్తని తన చేత్తోనే తిరిగి పెట్టింది. సిగ్గు వేసింది. అయినా గాలి కొట్టింది.

తొట్టివైపు దొర్లించకుండా చక్రాన్ని గోడకి ఆనించి, వాల్వు మీద కూడా అనుమానంగా ఉంది, కొత్తది తెస్తాను, నేను వచ్చేదాకా ముంచకు అని చెప్పింది. చిన్నామె తలూపింది. పెద్దామె మోకాళ్ళ ట్యూబు ముక్కలు విప్పకుండానే వీధిలోకి నడిచింది.

వాల్వుల కొట్టు వీధి చివర మలుపు తిరిగాక ఉంది. అంత దూరానికి మామూలుగా ఎంతసేపు పడుతుందో, ఆమె దానికి రెండింతలు పట్టేలా నడిచింది. ఎప్పుడూ పలకరించని వాళ్ళని పలకరించింది. తాళాలు బాగుచేసే ముసలాయన ఆశ్చర్యపోయి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. కొట్టులో వాల్వు చేతికివ్వగానే ఇది వద్దు, ఇంకోటి చూపించమంది. అదీ నచ్చలేదంది. చివరికి మంచినీళ్ళు అడిగి, బల్ల మీద కూర్చుంది.

మీ చెల్లెలు వెళ్ళిపోతోందటగా, ఇక మీకు హాయి అన్నాడు కొట్టాయన. హాయే అంది పెద్దామె. మరి బుడగలెవరు చూస్తారని అతను ఊరికే, మాటవరసకి అడిగాడు. నీళ్ళ గ్లాసు పెద్దామె నోటి దగ్గరే ఆగిపోయింది. ఈపాటికి లారీ వచ్చి ఉంటుంది. చక్రం సంగతి తేలలేదని చిన్నామె స్టూలు దిగి ఉండదు. మరిది విసుక్కుని ఉంటాడు, వెనకున్న బళ్ళన్నీ హారన్లు కొడుతుంటాయి, అతను వెళ్ళిపోతాడు. తను తిరిగి వెళ్ళేసరికి రెండు సంచుల మధ్యా చిన్నామె తల దించుకుని కూర్చుని ఉంటుంది. ఆ గది ఇంకెవరికో పోతుంది. ఆ దృశ్యం పెద్దామె కళ్ళకి ఎంత స్పష్టంగా కనబడిందంటే, దాన్ని చూడ్డం కోసమే తను బయల్దేరినట్టు అర్థమైంది. అర్థమయ్యాక అక్కడ కూర్చోలేకపోయింది. వాల్వు గుప్పిట్లో పట్టుకుని లేచింది. మలుపు దాకా మామూలుగా నడిచింది. మలుపు దాటాక దాదాపు పరిగెత్తింది.

లారీ ఇంకా ఉంది. వీధి మొదట్లో, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. షెడ్డు గుమ్మంలో మరిది సంచులు భుజాన వేసుకుంటున్నాడు. చిన్నామె చీర మార్చుకుంది. మొహం కడుక్కుని, తడి జుట్టు వెనక్కి దువ్వుకుంది. కుడిచేతి బొటనవేలికి తడిగుడ్డ పేలిక చుట్టి ఉంది. సంచుల బకిల్ గీసుకుని ఉంటుందనుకుంది పెద్దామె. చక్రం తొట్టి పక్కన, తుడిచి, గోడకి ఆనించి ఉంది.

"అయిపోయిందక్కా," అంది చిన్నామె. "బుడగల్లేవు."

"నేను వచ్చేదాకా ముంచకన్నానా?"

"వాల్వు బాగానే ఉంది. ముంచి చూశాను."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. బుడగల్లేవు."

ఆ చక్రం కారి తీరాలి. కారేలా చేసింది తనే. ప్రపంచంలో ఇంకెవరు నమ్మినా తను నమ్మడానికి లేదు. అయితే ఈ మనిషి తొట్టి దగ్గర అబద్ధమాడింది. అన్నేళ్ళ నిజాన్ని లారీ హారను విని నీళ్ళలో కలిపేసింది. పెద్దామెకి ఒళ్ళంతా మండింది. దొంగా అని జుట్టు పట్టుకుందామనిపించింది. పట్టుకుని ఏమనాలి? కారుతుందని నీకెలా తెలుసని అడిగితే ఏం చెప్పాలి? తను తవ్విన గోతిలో తనే నిలబడి, వీధి చివరి లారీ వైపు చూస్తూ పళ్ళు నూరుకుంది.

"ఇక ఆపనివ్వరు వదినా. వీలు చూసుకుని నువ్వూ రా," అన్నాడు మరిది. ఆ మాటలో పిలుపూ ఉంది, తొందరా ఉంది. సంచులతో ముందుకి నడిచాడు.

చిన్నామె గుమ్మం దగ్గర ఆగింది. షెడ్డు లోపలికి ఒకసారి చూసింది.

"వెళ్ళొస్తానక్కా."

వెళ్ళి రా అనాలి. ఎంత శత్రువుకైనా అంతే అంటారు. పెద్దామెకి మొదటి మాట వచ్చింది గాని రెండోది రాలేదు.

"వెళ్ళు," అంది.

చిన్నామె తలూపి, చెప్పులు తొడుక్కుని, వీధిలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. లారీ తలుపు శబ్దం, గేరు మారిన శబ్దం వినబడ్డాయి. వీధిలో అడ్డం తొలగగానే వెనకున్న బళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి.

పెద్దామె చక్రం వైపు కసిగా నడిచింది. అబద్ధాన్ని కళ్ళారా చూడాలి. చూశాక ఆ మనిషిని తిట్టుకోవడానికి జీవితాంతం సరిపడా సరుకు దొరుకుతుంది, ఒక్కతీ ఉండడం తేలికవుతుంది. టైరు ఎక్కించినవాళ్ళు ముంచకూడదన్న మాట గుర్తొచ్చింది. ఎవరున్నారు ముంచడానికి అనుకుని, చిన్నామె వచ్చాక మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చుంది. అది చిన్నామె నడుముకి తగ్గట్టు పొట్టిగా ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

వాల్వుకి ఎదురుగా, తను రేకలు దోపిన చోటే ముందు ముంచింది. ముంచగానే లేచిన బుడగల్ని చేత్తో తుడిచేసింది. నీళ్ళు నిలకడగా అయ్యాయి. పైనుంచి వాలిన వెలుగులో టైరు అంచు స్పష్టంగా కనబడుతోంది. బుడగ రాలేదు. ఇంకాస్త ఆగింది. రాలేదు. చక్రాన్ని జానెడు తిప్పి చూసింది, రెండో పక్కకి మార్చి చూసింది, వాల్వు మీద ఉమ్మి రాసి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. మళ్ళీ మొదటి చోటికే వచ్చి, ముక్కు నీళ్ళకి తగిలేలా వంగి చూసింది. నీళ్ళలో తన మొహమే కనబడింది.

తను దోపిన రేకలు వాటంతటవి లేచి బయటికి రావు. టైరు ఊడదీసి, రిమ్ము గీకి, తుడిచి, జిగురు రాసి, మళ్ళీ ఎక్కించి గాలి కొట్టి ఉండాలి. తను కొట్టులో నీళ్ళు తాగుతున్నంతసేపూ, లారీ వచ్చేస్తుందన్న తొందరలో, లివరు ఎప్పుడూ పట్టని ఆ బక్క చేతులు ఇదంతా చేశాయి. బొటనవేలి పేలిక ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ మనిషికి అంతా తెలుసు. తెలిసీ వీధిలో పెట్టలేదు, మొగుడికి చెప్పలేదు, అబద్ధమాడి పోనూ లేదు. చక్రాన్ని బాగుచేసి, బుడగల్లేవన్న నిజం చెప్పి మరీ వెళ్ళింది.

"నన్నడక్కుండా నా రిమ్ము ముట్టుకుంది, దొంగమొహంది," అంది పెద్దామె పైకే. అంటూండగానే ఏడుపొచ్చింది. తిట్టడానికి సరుకు దొరకలేదు, దొరికింది వేరే. వెళ్ళి రా అని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. చేతులు నీళ్ళలో ఉన్నాయి, మొహం తుడుచుకోవడానికి వీలు లేదు. అలాగే కూర్చుని కళ్ళ నీళ్ళని కారనిచ్చింది.

వీధి దీపాలు వెలగకముందే మీసాలాయన వచ్చాడు. పెద్దామె అప్పటికి లేచి, చక్రం తుడిచి, గుమ్మంలో పెట్టింది. ఆయన టైరుని వేళ్ళతో నొక్కాడు, పిడికిలితో గుద్దాడు, కాలితో తన్నాడు. తప్పు దొరకనందుకు మొహం చిట్లించుకున్నాడు.

"ఈసారైనా నిలుస్తుందా, లేక పొద్దున్నే మళ్ళీ మోసుకు రావాలా?"

"నిలుస్తుంది. మా తోడికోడలు చేసింది."

"ఆవిడ ముంచడం కదా చేసేది?"

"ఇది ఆవిడే ఎక్కించింది. ముంచింది నేను."

ఎవరు ఎక్కిస్తే ఏమిటి, గాలి నిలిస్తే చాలని గొణుక్కుంటూ ఆయన చక్రాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దామె లివర్లు గోడకి తగిలించింది. తొట్టి మీద రేకు అడ్డం పెట్టింది. చివరగా కంప్రెసర్ ఆపుదామని మూల వైపు వెళ్ళింది. మీట మీద వెయ్యబోయిన చెయ్యి ఆగిపోయింది. పెద్దామె పనికి వైరు బ్రష్షు తప్ప ఇంకోటి వాడదు. కంప్రెసర్ మీద, తుప్పు గీకే గరుకు కాగితం, నాలుగు మడతలు పెట్టిన ముక్క ఒకటి ఉంది. మధ్యలో సన్నటి బొటనవేలంత గుంట పడి, మడతల నిండా తెల్లపొడి ఇరుక్కుని, ఒక అంచున రక్తం మరక ఇంకా పూర్తిగా ఆరకుండా ఉంది.